అటక మీది సీరియళ్ల నుంచి అచ్చు పట్టిక దాకా: క్షుద్ర నవలల రచయిత పుస్తకాల జాబితా తయారుచేసే విధానం

నెల్లూరులో పాతకాలపు ఇంటి అటక దించితే ఇత్తడి బిందెల వెనకాల సాధారణంగా ఒక మూట దొరుకుతుంది. వారపత్రికల్లోంచి వారం వారం చించి, వరుసగా పేర్చి, గోనె సూదితో కుట్టించి, గోధుమరంగు అట్ట వేయించుకున్న సీరియల్ అందులో ఉంటుంది. ఆ అట్ట మీద సిరాతో రాసిన పేరు ‘తులసిదళం’ అయితే, దాన్ని పాత కాగితాల వాడికి తూకానికి వేసే ముందు ఒక్కసారి ఆగమని కోరుతూ ఈ వ్యాసం మొదలుపెడుతున్నాను. ఆ నవల రాసిన యండమూరి వీరేంద్రనాథ్ వంటి రచయిత అచ్చయిన రచనలన్నిటికీ నమ్మదగిన పట్టిక తయారుచేయాలని పూనుకునే వారికి అటువంటి మూట చాలా పెద్ద ఆస్తి.

ఇప్పుడు తిరుగుతున్న జాబితాలు చాలావరకు ఒకదాన్ని చూసి మరొకటి రాసుకున్నవే. ఒక చోట పడిన తప్పు సంవత్సరం పది చోట్ల కనిపించేసరికి అదే నిజమన్నట్టు స్థిరపడిపోతుంది. అందువల్ల పని మొదలుపెట్టే ముందే ఒక నియమం పెట్టుకోవాలి: పుస్తకాన్నో పత్రిక సంచికనో కళ్లతో చూడకుండా దాని ఎదుట సంవత్సరం వేయకూడదు. ఖాళీ గడి ఎవరినీ తప్పుదోవ పట్టించదు కాబట్టి దాన్ని చూసి సిగ్గుపడనక్కరలేదు.

మొదట తేల్చుకోవలసినది పట్టికలోకి ఏది వస్తుంది, ఏది రాదు అన్న సంగతి. ‘క్షుద్ర సాహిత్యం’ అనే మాట తెలుగు పాఠకులకు బాగా అలవాటైనదే గాని, దానికి గట్టున్న హద్దు లేదు. చేతబడి, బాణామతి, కాష్మోరా కథలో కనిపించినంత మాత్రాన అది పూర్తిగా అతీతశక్తుల నవల అయిపోదు. తులసిదళంలోనే ఒక పక్క మంత్రగాడి ప్రయోగం, మరొక పక్క వైద్యుల వివరణ జోడెడ్ల మాదిరిగా సాగుతాయి. ఏది నమ్మాలో తేల్చుకునే భారం చివరిదాకా పాఠకుడి మీదే ఉంటుంది. దాని కొనసాగింపుగా వచ్చిన ‘తులసి’, ఆ తరహాలోదే అయిన ‘అష్టావక్ర’ నిస్సందేహంగా లోపలికి వస్తాయి. ‘యుగాంతం’ వంటిది విజ్ఞాన కల్పన వైపు నిలుస్తుంది. ‘విజయానికి ఐదు మెట్లు’ నవలే కాదు. అయినా వేటినీ విడిచిపెట్టకుండా రచయిత రచనలన్నిటినీ ఒకే పట్టికలో చేర్చి, క్షుద్ర నవలల పక్కన మాత్రం ఒక గుర్తు పెట్టడం మంచిదని నా అభిప్రాయం. ఏది భయపెట్టే పుస్తకమో మనం ముందే తేల్చేసి తక్కినవి తీసిపారేస్తే, రేపు మరొకరు మన తీర్పుతో విభేదించినప్పుడు వారికి ఆధారమే మిగలదు. గ్రంథాలయాల వర్గీకరణ ఈ విషయంలో ఏమీ సాయపడదు. ద్యూయీ పద్ధతిలో తెలుగు నవలలన్నీ 894.8273 అనే ఒక్క అంకె కిందే సర్దుకుంటాయి, దయ్యం కథైనా దాంపత్యం కథైనా అక్కడే.

తరువాత పోస్టుకార్డంత అట్టముక్కలు ఒక కట్ట తెచ్చుకోవాలి. కంప్యూటరులోనే నేరుగా నింపుకోవచ్చు గదా అని అడిగేవారుంటారు. నింపుకోవచ్చు గాని, బీరువా ముందు నిలబడి ఒక చేత్తో పుస్తకం తెరిచి పట్టుకున్నప్పుడు అట్టముక్కే సుఖం. ఒక్కొక్క పుస్తకానికి కాకుండా ఒక్కొక్క ముద్రణకు ఒక్కొక్క ముక్క కేటాయించాలి. ముందువైపు పేరు, రచయిత పేరు అచ్చయిన తీరు, ప్రచురణకర్త, ఊరు, ముద్రణ సంఖ్య, నెల, సంవత్సరం, పుటలు, వెల రాసి, వెనకవైపు ఆ ప్రతిని ఎక్కడ, ఏ రోజు చూశామో రాయాలి. ఈ వెనకవైపు రాత దండగని మొదట అనిపిస్తుంది. ఆరు నెలల తరువాత రెండు ముక్కల మీద రెండు వేర్వేరు సంవత్సరాలు కనబడిన రోజున దాని విలువ తెలుస్తుంది.

పేరును అట్ట మీద నుంచి కాక లోపలి శీర్షిక పుట నుంచి తీసుకోవాలి. అట్ట చిత్రకారుడు అందం కోసం అక్షరాలను సాగదీస్తాడు, విడదీస్తాడు, ఒక్కోసారి దీర్ఘం కూడా కలుపుతాడు. ‘తులసిదళం’ అని ఒక చోట, ‘తులసీదళం’ అని మరొక చోట కనిపిస్తే రెండింటినీ ఉన్నవి ఉన్నట్టే ఎత్తి రాసి, ప్రధాన పేరు కింద చేర్చాలి. రచయిత పేరులో కూడా నాథ్, నాధ్ అని రెండు రూపాలు కనిపిస్తాయి. గ్రంథాలయ కంప్యూటరులో ఒక రూపంతో వెదికి, దొరకలేదని వెనక్కి వచ్చేవారిని చాలామందిని చూశాను. ఇంటిపేరు ముందు వేసి ఒకసారి, వెనక వేసి ఒకసారి, రెండు వర్ణక్రమాలతోనూ వెదకడం తప్పనిసరి.

ఇక ముద్రణ వివరాల పుట. మన దగ్గర దీన్ని చదవడం ఒక విద్య. ‘ప్రథమ ముద్రణ’, ‘ద్వితీయ ముద్రణ’ అంటూ వరుసగా సంవత్సరాలు వేసిన పుస్తకం దొరికితే అదృష్టం. అలా కాకుండా చివరి ముద్రణ సంవత్సరం ఒక్కటే వేసి ఊరుకున్న ప్రతులు చాలా ఉంటాయి. నేను తొలినాళ్లలో ఒక అద్దె లైబ్రరీ మూసేస్తూ అమ్మేసిన పుస్తకాల్లోంచి ఒక నవల కొని, అందులో ఉన్న సంవత్సరాన్నే తొలి ముద్రణ సంవత్సరంగా పట్టికకెక్కించాను. రెండేళ్ల తరువాత కావలిలో బంధువుల ఇంట్లో అదే నవల ఇంకా పాత ప్రతి కనిపించింది. దాని లోపలి అట్ట మీద పెళ్లి కానుకగా ఇచ్చిన తేదీ, దీవెన మాట చేతిరాతతో ఉన్నాయి. నేను వేసిన సంవత్సరానికి ఆ పెళ్లి ఏడేళ్లు ముందు జరిగింది. అప్పటినుంచి ‘తొలి ముద్రణ’ అని స్పష్టంగా అచ్చయి ఉంటే తప్ప ఆ మాట వాడడం మానేసి, ‘నేను చూసిన ప్రతి’ అనే రాస్తున్నాను.

ముద్రణ పుటే లేని ప్రతులు ఎక్కువగా అద్దె లైబ్రరీల నుంచి వస్తాయి. నెల్లూరు, కావలి, ఒంగోలు, చీరాల వంటి ఊళ్లలో ఇటువంటి దుకాణాలు వీధి వీధికీ ఉన్న రోజుల్లో, పుస్తకం రాగానే మొదటి కాగితాలు, చివరి కాగితాలు తీసేసి మందపాటి అట్టలకు అతికించేవారు. అటువంటి ప్రతిని కూడా పారేయకూడదు. దాని వయసు చెప్పే ఆనవాళ్లు వేరే ఉంటాయి. పుట వెనకవైపు బొటనవేలితో తడిమితే అక్షరాల ఒత్తు గరుకుగా తగిలితే అది సీసపు అచ్చుల కాలం నాటిది. నున్నగా ఉంటే ఆఫ్‌సెట్ అయి ఉండవచ్చు. చిరునామాలో ‘మద్రాసు’ అని ఉంటే ఆ పాఠం 1996లో నగరం పేరు చెన్నైగా మారక ముందు కూర్చినదని అనుకోవచ్చు గాని, పాత అచ్చునే మళ్లీ వాడుకునే అలవాటు ఉన్నందువల్ల దీన్ని ఒంటరి సాక్ష్యంగా తీసుకోరాదు. వెనక అట్ట మీద పదమూడంకెల ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) ఉంటే ఆ ముద్రణ 2007 ప్రాంతానిదో ఆ తరువాతిదో అవుతుంది, ఎందుకంటే అంతకు ముందు ఆ సంఖ్యకు పదంకెలే ఉండేవి. ఐఎస్‌బీఎన్ అసలు లేకపోవడం మాత్రం ఏమీ చెప్పదు.

అన్నిటికంటె నమ్మకంగా పనిచేసేది పుస్తకం చివర వేసే ‘ఈ రచయిత ఇతర రచనలు’ అనే జాబితా. ఒకే నవలకు చెందిన మూడు ముద్రణలను పక్కపక్కన పెట్టి ఈ జాబితాలు పోల్చితే, పేర్లు ఒక్కొక్కటిగా పెరుగుతూ రావడం కనిపిస్తుంది. ఏ పేరు ఎక్కడ మొదటిసారి వచ్చిందో గుర్తిస్తే ముద్రణల వరుస దానంతటదే తేలుతుంది. అయితే ‘త్వరలో’ అని ప్రకటించిన పేర్లను పట్టికలో చేర్చకూడదు. ఆ పేరుతో పుస్తకం రాకపోవచ్చు, వచ్చినా వేరే పేరుతో రావచ్చు. లేని పుస్తకాలు పట్టికల్లో పుట్టేది ఇక్కడే. దయ్యాల నవలల పట్టికలో దయ్యపు పుస్తకాలు చేరడం కొందరికి ముచ్చటగా ఉండవచ్చు, వెదికి వేసారేవాడికి మాత్రం కాదు.

గ్రంథాలయం ప్రతి అయితే మరొక సాయం ఉంది. పుస్తకం చేరినప్పుడు వేసే ముద్రలో వరుస సంఖ్య, తేదీ ఉంటాయి. తేదీ చెరిగిపోయినా ఆ సంఖ్యను పట్టుకుని అక్సెషన్ రిజిస్టరులో, అంటే చేరిన పుస్తకాల పద్దులో, చూపించమని లైబ్రేరియన్‌గారిని అడగవచ్చు. చివరి పుటకు అంటించిన గడువు చీటీ మీద అన్నిటికంటె పై తేదీ చూసినా సరే, అప్పటికే ఆ పుస్తకం అచ్చయి ఉందన్నది ఖాయం. ఇది తొలి ముద్రణ తేదీ కాదు, ‘ఇంతకు ముందే’ అన్న హద్దు మాత్రమే. అట్టముక్క మీద ఆ మాటే రాయాలి.

సీరియళ్ల దగ్గర ఎక్కువ ఓపిక కావాలి, ఎందుకంటే ఈ రకం నవలలకు అసలు పుట్టిల్లు వారపత్రికే. తులసిదళం ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో ధారావాహికగా వచ్చి, ఆ తరువాతే పుస్తకమైంది. ప్రతి వారం ఉత్కంఠతో ముగియాలన్న అవసరం ఆ అధ్యాయాల నిర్మాణంలోనే కనిపిస్తుంది. పుస్తకంగా వేసేటప్పుడు వారాల విరుపులు సర్దుతారు, వెనకటి కథ గుర్తుచేసే వాక్యాలు తీసేస్తారు. అందువల్ల సీరియల్, పుస్తకం రెండూ ఒకే రచనకు రెండు రూపాలుగా వేర్వేరు ముక్కల మీద ఎక్కాలి.

కోసి కుట్టించిన సీరియల్‌లో తేదీలు ఉండవు. సంచిక పేరు, తేదీ ఉన్న పై అంచునే కత్తెర మింగేస్తుంది. అప్పుడు చూడవలసింది కాగితం వెనకవైపు. మా ఇంటి మూటలో ఒక వారం భాగం వెనక వారఫలాలు సగం మిగిలి ఉన్నాయి. వృశ్చికరాశి వారికి ప్రయాణంలో చిక్కులున్నాయన్న వాక్యం సగంలో తెగిపోయినా, పైన ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో వేసిన వరుస చెక్కుచెదరలేదు. వారఫలాలు లేకపోతే కొత్త సినిమా ప్రకటన, పరీక్షల వ్యాసం, దీపావళి బాణసంచా బొమ్మ, ఏదైనా పనికొస్తుంది. ఉగాది ప్రత్యేక సంచిక అయితే తెలుగు సంవత్సరం పేరు ఉంటుంది. దుర్మతి అంటే 1981, దుందుభి అంటే 1982, రుధిరోద్గారి అంటే 1983 ఉగాదులని లెక్క కట్టుకోవచ్చు. పేరు మళ్లీ రావడానికి అరవై ఏళ్లు పడుతుంది కనుక పొరపాటుకు తావులేదు. ఒక్క వారానికి తేదీ దొరికితే చాలు, ముందు వెనక భాగాలను వారాల చొప్పున లెక్కించవచ్చు. అయితే పత్రిక ఏదైనా వారం రాకపోయి ఉండే అవకాశం ఉంది కనుక, కనీసం మూడు చోట్ల తేదీలు కుదిరితేనే లెక్కను నమ్మాలి. పత్రికలు తమ మీద వేసుకునే తేదీకి ముందే అంగళ్లకు వచ్చే ఆనవాయితీ కూడా ఉంది. పట్టికలో మాత్రం అచ్చయిన తేదీనే వేయాలి.

ఈ పాత కాగితాలు తెరిచే ముందు ఒక హెచ్చరిక. మన తీరంలో ఉప్పుగాలికి వార్తాకాగితం అప్పడంలా పెళుసుబారుతుంది. మడత ఉన్న చోట బలవంతంగా విప్పకుండా, పళ్లెం మీద తెల్లకాగితం పరిచి దాని మీద విప్పాలి. సెలోఫేన్ టేపు అతికించడం కంటె చిరిగినదాన్ని అలాగే వదిలేయడం మేలు, ఎందుకంటే టేపు కింద అక్షరాలు కొన్నేళ్లకే పసుపు మరకలో కలిసిపోతాయి. కలరా ఉండలు పెట్టెలో వేయవచ్చు గాని కాగితానికి తగలకుండా గుడ్డలో కట్టి వేయాలి.

ఎక్కడ చూడాలన్న ప్రశ్నకు నెల్లూరు వారికి మొదటి సమాధానం పురమందిరంలోని వర్ధమాన సమాజం గ్రంథాలయం, తరువాత జిల్లా కేంద్ర గ్రంథాలయం. ఒంగోలు వైపు వారికి అక్కడి కేంద్ర గ్రంథాలయం ఉంది. వీటిలో లేనివాటి కోసం వేటపాలెం వెళ్లాలి. 1918లో ప్రారంభమైన సారస్వత నికేతనం పాత పత్రికల నిధిగా పేరు పొందింది. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. ఎన్నో ఏళ్లు ప్రకాశం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ విభజనలో బాపట్ల జిల్లాకు చేరింది గనుక పాత వ్యాసాల్లో, ఉత్తరాల్లో చిరునామా ప్రకాశం పేరుతోనే కనిపిస్తుంది. అదే విభజనలో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు మారింది; శాఖా గ్రంథాలయాల ముద్రలు చదివేటప్పుడు ఈ మార్పులు మనసులో ఉంచుకోవాలి. వెళ్లే ముందు ఏ పత్రిక, ఏ సంవత్సరాలు కావాలో కాగితం మీద రాసి తీసుకుపోతే అక్కడివారు ఎంతో ఆదరంగా తీసి ఇస్తారు. ‘పాత పత్రికలన్నీ చూపించండి’ అని అడిగేవారికి ఎవరు మాత్రం ఏం చూపించగలరు?

నెల్లూరు నుంచి రైలెక్కితే చెన్నై ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయం చేరడం విజయవాడ పోవడం కంటె తేలిక. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో ప్రచురణకర్తలు తమ పుస్తకాల ప్రతులు పంపవలసిన గ్రంథాలయాల్లో అది ఒకటి, కొల్‌కతాలోని జాతీయ గ్రంథాలయం మరొకటి. చట్టం ఉన్నంత మాత్రాన ప్రతి నవలా అక్కడికి చేరిందని అనుకోకూడదు, అయినా వెదకవలసిన చోటే. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962 నుంచి న్యూఢిల్లీ కార్యాలయం ద్వారా భారతీయ భాషల పుస్తకాలు కొంటూ వచ్చింది. దాని కేటలాగును ఇంట్లో కూర్చుని చూడవచ్చు, తెలుగు పేర్లు రోమన్ లిపిలో ఉంటాయి. కొత్త ముద్రణల విషయంలో మాత్రం విజయవాడకే పోవాలి. యండమూరి పుస్తకాలు వేసే నవసాహితి బుక్ హౌస్ అక్కడిదే. ప్రతి జనవరిలో జరిగే పుస్తక మహోత్సవానికి వెళితే అమ్మకంలో ఉన్న ముద్రణలన్నీ ఒక్కచోటే చూసుకోవచ్చు.

సినిమాలను పట్టికలో కలిపేటప్పుడు పేర్లతో జాగ్రత్త పడాలి. ‘కాష్మోరా నవల ఉందా’ అని అంగడిలో అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. అది 1986లో వచ్చిన సినిమా పేరు, దానికి ఆధారమైన నవల ‘తులసి’. తులసిదళం 1985లో కన్నడంలో సినిమాగా వచ్చింది. క్షుద్రం కాని రచనల్లోనూ ఇదే చిక్కు: 1984 నాటి ‘ఛాలెంజ్’కు మూలం ‘డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు’. సినిమా విజయం తరువాత వచ్చిన ముద్రణల అట్టల మీద సినిమా పేరు కూడా చేరితే కొత్త నవలగా భ్రమపడే ప్రమాదం ఉంది. అందువల్ల సినిమాల ముక్కలు వేరే రంగులో పెట్టి, ప్రతిదాని మీద మూల నవల పేరు రాయడం నా పద్ధతి. ఉదాహరణకు ఒక ముక్క ఇలా ఉంటుంది: ‘కాష్మోరా. తెలుగు సినిమా. 1986. మూలం: తులసి, నవల. చూడు: తులసిదళం, దీనికి ముందు భాగం.’ ఇంతకంటె ఎక్కువ అవసరం లేదు.

రచయిత మీద వచ్చిన విమర్శను పట్టిక చివర వేరే భాగంగా చేర్చాలి. రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అన్న పేరుతో చేసిన తీవ్రమైన విమర్శ లేకుండా ఆ నవల చరిత్ర పూర్తికాదు. ఇష్టమైన రచయిత పట్టికలో అటువంటి పేరు ఎందుకని కొందరు అభిమానులు నాతో వాదించారు. ఒక పుస్తకం మీద జనం ఎంతగా కలబడ్డారో తెలియాలంటే ఎదురు పుస్తకం కూడా పక్కనే ఉండాలి. అనువాదాలకు మాత్రం భాష, అనువాదకుని పేరు, ప్రచురణకర్త పేరు ఉంటే సరిపోతుంది.

పాత ప్రతులను ఫోన్‌తో ఫోటో తీసుకునేటప్పుడు శీర్షిక పుట, ముద్రణ పుట, చివరి జాబితా మాత్రం తీసుకోవాలి. మొత్తం నవలను స్కాన్ చేసి అందరికీ పంచడం సేవ అని కొందరు అనుకుంటారు; రచయిత జీవితకాలం, ఆపైన అరవై ఏళ్లు హక్కు ఉంటుందన్నది మన చట్టం. పట్టికకు ఆ మూడు పుటలే చాలు.

అట్టముక్కలన్నీ కుదిరాక వాటిని నవల తొలిసారి అచ్చయిన క్రమంలో పేర్చి యూనికోడ్‌లో టైపు చేయించాలి. తేదీ తెలియనివాటిని అకారాది క్రమంలో చివర ఉంచాలి. అచ్చు తీసేటప్పుడు ఎడమ పుటలోనే వివరాలు వేసి, కుడి పుటను ఖాళీగా వదిలి, పట్టిక పూర్తిచేసిన తేదీని మొదటి పుటలో వేసి, నడుమ దారంతో కుట్టించి ఒక ప్రతిని మీ ఊరి గ్రంథాలయంలో ఇవ్వాలి. నేను ఇచ్చిన ప్రతిలో నాలుగు నెలలకే కుడి పుటల్లో పెన్సిల్ రాతలు కనిపించాయి. మొదటిది, ఎవరో పెద్దావిడ చేతిరాతలో, ఒక సీరియల్ చివరి భాగం తమ ఇంట్లో ఉందనీ కావాలంటే వచ్చి చూసుకోవచ్చనీ.